కాలేజీ హాకీలో కొట్లాటకు లైసెన్స్ ఇవ్వాలా?

ప్రొఫెషనల్ లీగ్‌లో చేయి చేసుకుంటే ఐదు నిమిషాల శిక్ష. అమెరికా కాలేజీ హాకీలో చేసుకుంటే ఆ రోజు ఆటే బంద్. ఈ తేడా ఉండాలా, పోవాలా? ఉద్యోగాల వేటలో ఉన్న మీకు ఈ చర్చలో పనికొచ్చే సంగతులు చాలానే ఉన్నాయి.

2025 ఫిబ్రవరి 15. కెనడాలోని మాంట్రియల్. అమెరికా, కెనడా జట్ల మధ్య ఐస్ హాకీ మ్యాచ్. ఆట మొదలైన మరుక్షణమే ఇద్దరు ఆటగాళ్లు గ్లోవ్స్ విసిరేసి పిడిగుద్దులకు దిగారు. వాళ్లను విడదీసి ఆట మళ్లీ మొదలుపెట్టగానే ఇంకో జంట. ఆ వెంటనే మరో జంట. గడియారం చూస్తే ఆడిన ఆట 9 సెకన్లు, జరిగిన ఫైట్లు 3. స్టేడియం ఊగిపోయింది. ఆ క్లిప్పులు మీ ఫోన్‌లోకీ వచ్చే ఉంటాయి. శిక్ష ఏంటంటే, ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు పెనాల్టీ బాక్స్. టైమ్ అయ్యాక మళ్లీ ఆటలోకి.

అదే పని అమెరికాలో ఒక కాలేజీ మ్యాచ్‌లో చేశారనుకోండి. ఆరుగురూ ఆ రోజుకు డ్రెస్సింగ్ రూమ్‌కే. తర్వాతి మ్యాచ్‌లోనూ ఉండరు.

'మంచు మీద ఆడే ఆటతో మనకేం పని?' అంటారేమో. ఒకటి, మీలో చాలామంది ఎంఎస్ కోసం చూసుకునే అరిజోనా స్టేట్, నార్త్ఈస్టర్న్, యూమాస్ లోవెల్, మిషిగన్ టెక్ లాంటి వర్సిటీలకు టాప్ డివిజన్ ఐస్ హాకీ జట్లున్నాయి. అక్కడ అడుగుపెట్టాక ఈ ఆట మీ క్యాంపస్ కబుర్లలో భాగమైపోతుంది. రెండోది ఇంకా ముఖ్యం. ఒక తప్పును ఎంత శిక్షతో ఆపాలి, రూల్ మారిస్తే మనుషులు ఎలా మారతారు అన్నది రేపు మీరు చేరే ప్రతి కంపెనీలోనూ ఎదురయ్యే ప్రశ్నే.

ముందు రూల్ సంగతి

మన దగ్గర హాకీ అంటే పచ్చిక మీదో, టర్ఫ్ మీదో ఆడే ఆట. అందులో చేయి చేసుకుంటే రెడ్ కార్డే. 2019 నవంబరులో ఢిల్లీలో నెహ్రూ కప్ ఫైనల్లో పంజాబ్ పోలీస్, పంజాబ్ నేషనల్ బ్యాంక్ ఆటగాళ్లు మైదానంలోనే కలబడితే, హాకీ ఇండియా పలువురిని సస్పెండ్ చేసింది. అది సిగ్గుపడాల్సిన విషయమేనని అందరూ ఒప్పుకున్నారు.

ఉత్తర అమెరికా ఐస్ హాకీ కథ వేరు. అక్కడి అగ్రశ్రేణి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్, 1922లోనే ఫైటింగ్‌కు ఆటగాడిని బయటికి పంపకుండా ఐదు నిమిషాల పెనాల్టీతో సరిపెట్టింది. అంటే ఫైట్ నేరమే, కానీ కట్టగలిగినంత ఫైన్ ఉన్న నేరం. నో పార్కింగ్ బోర్డు కింద బండి పెట్టి, చలానా కట్టేసి వెళ్లిపోయినట్టు! 1992లో గొడవ మొదలుపెట్టినవాడికి అదనపు శిక్ష తెచ్చారు గానీ, ఐదు నిమిషాల లెక్క మాత్రం అలాగే ఉంది.

అమెరికా కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏది మరో దారి. ఫైట్ చేస్తే గేమ్ డిస్‌క్వాలిఫికేషన్. ఆ మ్యాచ్ పోయినట్టే, తర్వాతి మ్యాచ్ కూడా సస్పెన్షన్. అదే సీజన్‌లో రెండోసారి దొరికితే రెండు మ్యాచ్‌లు, మూడోసారి మూడు. పైగా ముఖం మొత్తం కప్పే పంజరం లాంటి మాస్క్ తప్పనిసరి. ఎన్‌హెచ్‌ఎల్ జట్టు రెగ్యులర్ సీజన్‌లో 82 మ్యాచ్‌లు ఆడే పద్ధతిలో నడిచింది. కాలేజీ జట్టు ఆడేది దాదాపు 35. అక్కడ ఒక్క మ్యాచ్ పోవడమంటే ప్రొఫెషనల్ లెక్కలో రెండుకు పైనే పోయినట్టు. అందుకే కాలేజీ హాకీలో తోపులాటలు రోజూ ఉంటాయి గానీ, గ్లోవ్స్ విసిరేసి కొట్టుకునే ఫైట్లు అరుదు.

ఇప్పుడే ఎందుకీ చర్చ?

కెనడాలో 16 నుంచి 20 ఏళ్ల కుర్రాళ్లు ఆడే పెద్ద జూనియర్ వ్యవస్థ సీహెచ్‌ఎల్. అందులో ఆడినవాళ్లను ఎన్‌సీఏఏ ఏళ్ల తరబడి ప్రొఫెషనల్స్‌గా లెక్కగట్టి దూరం పెట్టింది. 2024 నవంబరులో ఆ గోడ కూల్చింది. 2025-26 సీజన్ నుంచి వాళ్లు కూడా అమెరికా కాలేజీల్లో ఆడుతున్నారు. ఫైట్ అంటే ఐదు నిమిషాలు కూర్చుని రావడమే అన్న లీగుల్లో పెరిగిన కుర్రాళ్లు, ఫైట్ చేస్తే ఇంటికే అన్న లీగులోకి వచ్చారన్నమాట. దాంతో పాత ప్రశ్న మళ్లీ లేచింది. కొత్తవాళ్లు పాత రూల్‌కు అలవాటు పడాలా, రూలే వాళ్ల కోసం మారాలా?

ఒక ట్విస్ట్ ఏంటంటే, ఆ జూనియర్ లీగులే వెనక్కి తగ్గుతున్నాయి. వాటిలో ఒకటైన ఒంటారియో లీగ్ 2012లో సీజన్‌కు పది ఫైట్లు దాటితే సస్పెన్షన్ అంది. తర్వాత ఆ పరిమితిని మూడుకు దించింది. క్యూబెక్ లీగ్ 2023లో ఫైట్ చేసినవాడు మ్యాచ్ నుంచి అవుట్ అని తేల్చేసింది. కాలేజీ రూల్‌ను సడలించమంటున్నవాళ్లు, ఎదురొస్తున్న ట్రాఫిక్‌ను చూసుకోవడం లేదు.

'ఉండాలి' అనేవాళ్ల మాటా విందాం

వాళ్లను రౌడీలని కొట్టిపారేయడం తేలిక. కానీ వాళ్ల వాదనలో పస లేకపోలేదు.

మొదటిది, భయం. ఐస్ హాకీ ఆటగాళ్లు గంటకు 30 కిలోమీటర్లకు పైగా వేగంతో దూసుకెళ్తుంటారు. చేతిలో కర్ర, కాళ్లకు పదునైన బ్లేడ్లు. రిఫరీ కళ్లుగప్పి వెనక నుంచి గుద్దేవాడికి 'దీనికి జవాబు చెప్పాల్సి వస్తుంది' అన్న భయం ఉంటే తగ్గుతాడని వీళ్ల నమ్మకం. ఫైట్‌కు భయం లేని చోట కర్ర పోట్లు, వెనక దెబ్బలు పెరుగుతాయంటారు.

రెండోది, మాస్క్. ముఖం మొత్తం కప్పి ఉంటే 'నాకేం కాదు' అన్న ధీమా వస్తుందని, దాంతో కర్రలు పైకి లేస్తాయని కొందరు కోచ్‌లు వాదిస్తూ వచ్చారు. హెల్మెట్ పెట్టుకున్న బైకర్ ఇంకాస్త రెచ్చిపోయి నడుపుతాడన్న వాదన లాంటిదే ఇదీ.

మూడోది, కవ్వింపు. శిక్ష ఎంత పెద్దదైతే ఎదుటి జట్టు స్టార్‌ను రెచ్చగొట్టడం అంత లాభసాటి. బెంచి మీద ఉండే ఆటగాడు ఒకడు బలై, స్టార్‌ను రెండు మ్యాచ్‌లకు దూరం చేయగలిగితే అది మంచి బేరమే కదా!

నాలుగోది, ఉద్యోగం. 'ఎన్‌హెచ్‌ఎల్‌లో ఫైట్ ఉంది. కాలేజీలో నేర్పకపోతే వీళ్లు అక్కడ ఎలా నిలబడతారు?' మన భాషలో చెప్పాలంటే ఇండస్ట్రీకి, సిలబస్‌కు మధ్య గ్యాప్ అన్నమాట. ఈ మాట మీకు బాగా తెలిసిందే!

భయం నిజంగా పనిచేసిందా?

మొదటి వాదనను ఒక నిజమైన కేసుతో పరీక్షిద్దాం. స్టీవ్ మూర్ హార్వర్డ్ యూనివర్సిటీలో నాలుగేళ్లు కాలేజీ హాకీ ఆడి, డిగ్రీతో ఎన్‌హెచ్‌ఎల్‌కు వెళ్లినవాడు. కొలరాడో జట్టు. 2004 ఫిబ్రవరిలో వాంకూవర్ కెప్టెన్ మార్కస్ నాస్లండ్‌ను గట్టిగా ఢీకొట్టాడు. రిఫరీలు పెనాల్టీ ఇవ్వలేదు. వాంకూవర్ ఆటగాళ్లు రగిలిపోయారు.

మార్చి 8న రెండు జట్లూ మళ్లీ తలపడ్డాయి. హాకీలో ఉన్న అలిఖిత నియమం ప్రకారం, మూర్ 'జవాబు' చెప్పాలి. చెప్పాడు కూడా. మొదటి పీరియడ్‌లోనే వాంకూవర్ ఆటగాడు మాట్ కుక్‌తో ఫైట్ చేశాడు. ఐదు నిమిషాలు కూర్చుని వచ్చాడు. 'ఫైట్ అయితే లెక్క సరి' అన్న సిద్ధాంతం నిజమైతే కథ అక్కడే ముగియాలి. ముగియలేదు. మూడో పీరియడ్‌లో టాడ్ బెర్టూజీ వెనక నుంచి పట్టుకుని, తల మీద గుద్ది, మంచు మీద పడేశాడు. మూర్ మెడ ఎముకలు మూడు విరిగాయి. తలకు గాయమైంది. ఆ తర్వాత అతను ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

బెర్టూజీ కెనడా కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. మూర్ వేసిన నష్టపరిహారం దావా ఏళ్ల తరబడి నడిచి, 2014లో రాజీతో ముగిసింది. ఇక్కడ గమనించండి. ఫైట్‌కు అనుమతి ఉన్న లీగులోనే ఇది జరిగింది. జవాబు చెప్పినవాడికే జరిగింది. పగ తీర్చుకునే పని ఆటగాళ్లకు వదిలేస్తే, ఎక్కడ ఆపాలో చెప్పేవాడు ఎవడూ ఉండడు. రిఫరీలు మొదటిసారే సరైన నిర్ణయం తీసుకుని ఉంటే పరిస్థితి అంతదాకా వచ్చేదా అన్నదే అసలు ప్రశ్న. రిఫరీ తప్పును దిద్దాల్సింది రీప్లేతో. పిడికిలితో కాదు.

ఒక ఉద్యోగం కనుమరుగైన కథ

ఇక నాలుగో వాదన. మీకు నేరుగా తగిలేది ఇదే.

ఎన్‌హెచ్‌ఎల్ జట్లలో 'ఎన్‌ఫోర్సర్' అనే రోల్ ఉండేది. గోల్స్ కొట్టక్కర్లేదు. పాస్‌లు ఇవ్వక్కర్లేదు. తన జట్టు స్టార్ జోలికి వచ్చినవాడితో తలపడటమే పని. డెరెక్ బూగార్డ్ అందులో పేరుమోసినవాడు. ఎత్తు ఆరడుగుల ఏడంగుళాలు. 277 మ్యాచ్‌లలో కొట్టిన గోల్స్ మూడంటే మూడు. అయినా 2010లో న్యూయార్క్ రేంజర్స్ నాలుగేళ్లకు 65 లక్షల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. అంత డబ్బు దేనికో అర్థమైంది కదా.

ఆ డిసెంబరులో జరిగిన ఒక ఫైట్‌తో అతని సీజన్ ముగిసింది. 2011 మేలో మద్యం, నొప్పి మాత్రల మిశ్రమం వికటించి చనిపోయాడు. వయసు 28. అతని మెదడును పరిశీలించిన బోస్టన్ యూనివర్సిటీ పరిశోధకులు సీటీఈ అనే జబ్బు ఉన్నట్టు తేల్చారు. తలకు పదే పదే దెబ్బలు తగిలినవాళ్లలో మెదడు క్రమంగా దెబ్బతినే జబ్బది. అంతకుముందు ఏడాది 45 ఏళ్లకే గుండెపోటుతో పోయిన మరో పేరున్న ఎన్‌ఫోర్సర్ బాబ్ ప్రోబర్ట్ మెదడులోనూ అదే కనిపించింది. తల గాయాల కేసులో ఎన్‌హెచ్‌ఎల్ 2018లో 300 మందికి పైగా మాజీ ఆటగాళ్లతో సుమారు 1.89 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. తప్పు మాత్రం ఒప్పుకోలేదు.

ఇప్పుడు మార్కెట్ సంగతి చూడండి. 2008-09 సీజన్‌లో ఎన్‌హెచ్‌ఎల్‌లో 700కు పైగా ఫైట్లు జరిగాయి. పదేళ్లు తిరిగేసరికి, 2018-19లో అవి 230 లోపుకు పడిపోయాయి. ఎవరూ నిషేధించలేదు. 2005లో వచ్చిన జీతాల పరిమితి, ఆట వేగం పెంచిన రూల్స్ ఆ పని చేశాయి. జట్టులో ప్రతి సీటుకూ లెక్క చూసుకోవాల్సి వచ్చినప్పుడు, కొట్టడం తప్ప ఆట రానివాడికి సీటు ఇవ్వడం దండగైంది. ఒక స్కిల్ మాత్రమే ఉన్న రోల్ ఇలాగే పోతుంది. ముందుగా నోటీసు కూడా రాదు.

మరోవైపు ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లలో దాదాపు మూడో వంతు కాలేజీ హాకీ నుంచి వచ్చినవాళ్లే. కేల్ మకార్ యూమాస్‌లో చదువుతూ 2019లో కాలేజీ హాకీ అత్యున్నత పురస్కారం హోబీ బేకర్ అవార్డు అందుకున్నాడు. మూడేళ్లకే కొలరాడోకు స్టాన్లీ కప్ గెలిపించి, ప్లేఆఫ్స్‌లో ఉత్తమ ఆటగాడయ్యాడు. మాక్లిన్ సెలెబ్రీనీ బోస్టన్ యూనివర్సిటీలో 2024లో అదే అవార్డు గెలిచి, ఆ ఏడాదే ఎన్‌హెచ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికయ్యాడు. ఫైట్ లేని సిలబస్ చదివినవాళ్లకు ప్లేస్‌మెంట్లు ఆగలేదు! ఇండస్ట్రీ వదిలేస్తున్న స్కిల్‌ను కాలేజీ ఇప్పుడు కొత్తగా సిలబస్‌లో పెట్టడం ఏం తెలివి?

బగ్ ఎక్కడుంది?

'సరే, ఫైట్ ఉండనివ్వండి, జాగ్రత్తలు పెడదాం' అనే మధ్యేమార్గం ఒకటి వినిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లేవాళ్లకు ఇది తెలిసిన కథే. డిజైన్‌లో లోపం ఉంటే ప్యాచ్ మీద ప్యాచ్ వేస్తూ పోతాం, యూజర్ ఇంకో దారి వెతుక్కుంటాడు.

2013లో ఎన్‌హెచ్‌ఎల్ ఒక ప్యాచ్ వేసింది. ఫైట్‌కు ముందు తన హెల్మెట్ తానే తీసేస్తే అదనంగా రెండు నిమిషాల పెనాల్టీ. తలకు రక్షణ ఉండాలని ఉద్దేశం. ఆ ప్రీ సీజన్‌లోనే ఇద్దరు ఆటగాళ్లు ఏం చేశారో తెలుసా? ఎదురెదురుగా నిలబడి, మర్యాదగా ఒకరి హెల్మెట్ మరొకరు తీశారు. ఆ తర్వాత కొట్టుకున్నారు. రూల్‌లో 'తన హెల్మెట్' అనే కదా ఉంది!

నవ్వొచ్చే సంగతే. కానీ హెల్మెట్ గురించి ఎందుకంత పట్టింపో తెలిస్తే నవ్వు ఆగిపోతుంది. డాన్ శాండర్సన్ టొరంటోలోని యార్క్ యూనివర్సిటీ విద్యార్థి. వయసు 21. ఒంటారియోలో ఒక సీనియర్ అమెచ్యూర్ లీగులో ఆడేవాడు. 2008 డిసెంబరు 12న ఒక మ్యాచ్‌లో ఫైట్ జరిగింది. పెనుగులాటలో హెల్మెట్ ఊడింది. ఇద్దరూ కింద పడ్డారు. అతని తల నేరుగా మంచుకు తగిలింది. కోమాలోకి వెళ్లి, మూడు వారాల తర్వాత 2009 జనవరి 2న చనిపోయాడు. ఎన్‌హెచ్‌ఎల్ కాదు, లక్షల డాలర్ల కాంట్రాక్టు లేదు. మీ ఈడు కుర్రాడు.

ఐస్ మీద ఫైట్‌లో అసలు ప్రమాదం పిడికిలి కన్నా నేలతోనే ఎక్కువ. నిలబడింది జారే గడ్డ మీద, సన్నటి బ్లేడ్ల మీద. పడితే చేతులు అడ్డం పెట్టుకునే వీలుండదు, ఎందుకంటే అవి ఎదుటివాడి జెర్సీని పట్టుకుని ఉంటాయి. కాలేజీలో ఫైట్‌కు అనుమతిస్తే ముఖానికి ఇనుప పంజరం ఉంటుంది కాబట్టి రెండే దారులు. పంజరాన్ని గుద్ది చేయి విరగ్గొట్టుకోవడం, లేదా హెల్మెట్ తీసేసి తల ఖాళీగా పెట్టుకోవడం. ఈ రెండింటిలో ఏది సేఫ్‌టీ ఫీచర్?

'వాళ్లు మేజర్లు, ఇష్టపడే కొట్టుకుంటున్నారు' అనేవాళ్లు ఒక్కటి ఆలోచించాలి. స్కాలర్‌షిప్, జట్టులో చోటు, కోచ్ మెప్పు, వేలమంది కేకలు ఒకవైపు. 19 ఏళ్ల కుర్రాడి 'నో' ఒకవైపు. ఫైట్ చేయడం జట్టు పట్ల విధేయత అయిపోయాక, ఇష్టం లేదని చెప్పడం ఎంత కష్టమో సీనియర్ల ర్యాగింగ్ చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. కఠినమైన రూల్ ఉంటే ఆ కుర్రాడికి ఒక గౌరవప్రదమైన సాకు దొరుకుతుంది. 'నేను భయపడటం లేదు, జట్టుకు రెండు మ్యాచ్‌లు దూరం కాలేను' అనొచ్చు. చాలాసార్లు మంచి రూల్ చేసే మేలు అదే.

మరేం చేయాలి?

నా మాట సూటిగా చెప్తాను. కాలేజీ హాకీలో ఫైటింగ్‌కు అనుమతి ఇవ్వకూడదు. ఇప్పుడున్న శిక్ష తగ్గించకూడదు. కానీ అవతలివాళ్లు ఎత్తి చూపిన రెండు లోపాలు నిజమైనవే. వాటికి పరిష్కారం వెతకాలి.

కవ్వింపు సమస్యకు జవాబు, ఇద్దరినీ ఒకే గాటన కట్టకపోవడం. గుద్దినవాడికీ, దెబ్బ తిని చేయి ఎత్తకుండా నిలబడినవాడికీ ఒకే శిక్ష పడితే రూల్ మీద నమ్మకం పోతుంది. కవ్వించినవాడికి ఎక్కువ పడాలి. వెనక దెబ్బల సమస్యకు జవాబు, వాటికి ఫైట్‌తో సమానంగా భారీ శిక్ష వేయడం, మ్యాచ్ తర్వాత కూడా వీడియో చూసి సస్పెండ్ చేయడం. ఇక 'ఆవేశం బయటికి పోవాలి కదా' అంటారా? దానికి ఇప్పటికే దారి ఉంది. చిన్న తోపులాటకు రెండు నిమిషాల పెనాల్టీ. అది చాలు.

మీ గ్రూప్ డిస్కషన్‌లో వస్తే...

ఇలాంటి తెలియని టాపిక్ జీడీలో పడితే చాలామంది రెండు తప్పులు చేస్తారు. ఒకటి, 'హింస తప్పు' అని నీతి వాక్యంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోవడం. రెండు, గొంతు పెంచడం. ఈ టాపిక్‌లో గొంతు పెంచడం మరీ ఎబ్బెట్టుగా ఉంటుంది! దానికి బదులు ఇలా చేసి చూడండి.

• ముందు అవతలి వాదనను, వాళ్లే మెచ్చుకునేంత బాగా చెప్పండి. 'భయం ఉంటే అడ్డదారి దెబ్బలు తగ్గుతాయన్నది వీళ్ల వాదన' అని మొదలుపెడితే మిగతావాళ్లు మీ మాట వింటారు.

• ఆ వాదన నిజమైతే ఏం జరగాలో అడగండి. ఫైట్‌తో లెక్క సరిపోతే స్టీవ్ మూర్‌కు ఏమీ కాకూడదు. అయ్యింది. ఒక్క కేసుతో అంతా తేలిపోదు, కానీ చర్చ అభిప్రాయం నుంచి ఆధారం వైపు తిరుగుతుంది.

• ఎవరికి లాభం, ఎవరికి నష్టం అని చూడండి. టికెట్ అమ్మేది ఒకరు, కేరింతలు కొట్టేది ఇంకొకరు, తల పగిలేది వేరొకరిది. ఈ లెక్క తేలితే సగం చర్చ తేలినట్టే.

• ఎదుటివాళ్లు చెప్పినదాంట్లో నిజం ఉంటే ఒప్పుకుని, దాన్ని మీ పరిష్కారంలో కలుపుకోండి. ప్యానెల్ మార్కులు వేసేది అక్కడే.

చివరిగా ఆ అవార్డు గురించి ఒక మాట. హోబీ బేకర్ వందేళ్ల కిందట ప్రిన్స్‌టన్‌లో ఆడినవాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో పైలట్‌గా పనిచేసి, 1918 డిసెంబరులో విమాన ప్రమాదంలో పోయాడు. ప్రత్యర్థులు అతన్ని గుద్దేవారు, పడేసేవారు. తిరిగి కొట్టకపోవడమే అతని పేరు. కాలేజీ హాకీ తన అతి పెద్ద అవార్డుకు పేరు వెతుక్కున్నప్పుడు ఆ మనిషిని ఎంచుకుంది. ఆ పేరుతో అవార్డు ఇస్తూ, పక్కనే పిడిగుద్దులకు ఐదు నిమిషాల టోకెన్ ఇవ్వడం కుదరదు.